నాలుగో మిషన్

పాల నురగ మిషన్లు తయారుచేసే సమస్త జగత్తుకూ చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

రేపే వికారాబాద్‌లో మా నిరోషక్క లాటె కాఫీ బండి మొదలు. తాండూరులోని మా వంటింట్లో, రివ్యూలన్నీ చదివి నేనే ఎంచిన మూడో మిషన్ కూడా పాలలో తిరిగి తిరిగి ఆగింది. నురగ రాలేదు. అక్క ఏడుపు ఆపుకుంటూ, పెద్దేముల్ నుంచి రోజూ పాలు తెచ్చే బీరమ్మ వైపు తిరిగింది.

“మూడు మిషన్లూ ఖరాబైతయా బీరమ్మా? నువ్వే నీళ్లు కలుపుతున్నవ్. రేపటి సంది రాకు.”

“నా బర్రె మీద ఒట్టు బిడ్డా, చుక్క నీళ్లు గూడ కలపలే. గీ పాల వాడిక పోతే నేనెట్ల బతకాలె?”

నేను గంభీరంగా నాలుగో మిషన్ వెతకసాగాను.

నిజానికి నేను చేసింది ఒక్కటే. రోజూ బీరమ్మ పాలు పోసి వెళ్లగానే రెండు గ్లాసులు తాగి, అదే గ్లాసుతో గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు పోసేవాణ్ణి.