తెలుపు మీద నలుపు

"నాన్నా, తెలుపు బాగుందా?"

మాస్టారు ఒకసారి గట్టిగా రెప్ప వాల్చాడు. అంటే అవును.

"పోనీ, నలుపు?"

మళ్ళీ ఒకసారే. అంటే అదీ అవునే.

కూతురు తల పట్టుకుంది. "రెండూ బాగుంటే ఒక్క ముక్కయినా చెప్పవేం నాన్నా!"

పక్షవాతం వచ్చి డెబ్బై రోజులైంది. కాళ్ళు, చేతులు, నోరు, ఆఖరికి మెడ కూడా మాస్టారి మాట వినడం మానేశాయి. మిగిలినవి కళ్ళు. ఒక రెప్ప అవును, రెండు రెప్పలు కాదు. అడిగినదానికి జవాబు చెప్పగలడు. అడగకపోతే అంతే సంగతులు. మొన్న ఎడమ తుంటి కింద దుప్పటి ముడతపడి నిప్పులా మండింది. దాహమా, చలా, టీవీ పెట్టమంటారా అని అందరూ అడిగి అడిగి అలిసిపోయారు. తుంటి సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

అందుకే ఆసుపత్రివాళ్ళు ఒక తెర తెచ్చి మంచానికి బిగించారు. దాని నిండా అక్షరాలు. దేనివైపు రెండు క్షణాలు చూస్తే ఆ అక్షరం కింద గడిలో పడుతుంది. అలా ఒక్కొక్కటే కూర్చుకుంటే మాట అవుతుంది.

మొదటిరోజు తెల్ల తెర మీద నల్ల అక్షరాలు పెట్టారు. మాస్టారి చూపు వాటి మీద అటూ ఇటూ తిరిగింది. ఆగినచోట పడిన అక్షరాలకు తలా తోకా లేదు.

"వెలుగు కళ్ళల్లో గుచ్చుకుంటోందేమో" అంది థెరపిస్టు. రెండోరోజు నల్ల తెర, తెల్ల అక్షరాలు. అదే వరస. "కొంతమందికి నలుపు మీద తెలుపు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది" అంటూ మూడోరోజు లేత పసుపు పెట్టింది. అక్షరాలు పెద్దవి చేసింది. వెలుగు తగ్గించింది. లాభం లేకపోయింది.

కూతురికి ఉక్రోషం వచ్చింది. "యాభై ఏళ్ళు బోర్డులు రాసిన మనిషండీ మా నాన్న! ఏ రంగు మీద ఏ రంగు వేస్తే దూరానికి తెలుస్తుందో ఆయన్నడిగే షాపులవాళ్ళు తేల్చుకునేవారు. ఆయనకి నప్పే రంగు మనమే పెట్టలేకపోతున్నాం."

అది నిజమే. ఊళ్ళో సగం బోర్డులు ఆయన చేతివే. కాగితం మీద రాసిస్తే చాలు, వెంట్రుకవాసి తేడా లేకుండా గోడంత చేసిపెట్టేవాడు. ఒకసారి 'పళ్ళు కట్టబడును' అని ఉండాల్సిన బోర్డు 'పళ్ళు కొట్టబడును' అని తయారైంది. పళ్ళ డాక్టరు లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే, ఆయన రాసిచ్చిన చీటీలోనే తప్పుంది. "మీరిచ్చింది మీకిచ్చాను. దిద్దడం నా పని కాదు" అన్నాడు మాస్టారు, బ్రష్షు కడుక్కుంటూ.

నాలుగోరోజు పెద్ద డాక్టరు వచ్చాడు. మంచం పక్కనే నిలబడి, మంచం మీద ఎవరూ లేనట్టే మాట్లాడాడు.

"రెప్పలు వాటంతటవే పడుతున్నాయేమోనని నా అనుమానం. తెలివి ఉందనుకోడానికి ఒక్క మాటైనా కావాలి కదమ్మా. శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ కాకపోతే తెర ఇంకో పేషెంటుకి ఇచ్చేసి, ఈయన్ని పై అంతస్తుకి మార్చేస్తాం."

పై అంతస్తు గురించి నర్సులు మాట్లాడుకుంటుంటే మాస్టారు విన్నాడు. అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

శుక్రవారం రానే వచ్చింది. తెలుపు, నలుపు, పసుపు, బూడిదరంగు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నాయి. మాస్టారికి అన్నిట్లోనూ ప్రతి వంపూ, ప్రతి చుక్కా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. రెండో వరసలో ఒకదాని పొట్ట సరిగ్గా తిరగలేదు. చివరిదాని తోక మరీ పొట్టి. తనైతే అలా వదిలేవాడు కాదు.

"కనబడుతోందా నాన్నా?"

అవును.

"కళ్ళు నొప్పా?"

కాదు.

"మరి మాతో ఏదైనా చెప్పాలనుందా?"

అవును. గుండెలో అరుపు సుడి తిరుగుతోంది. బయటికి దారే లేదు.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. థెరపిస్టు ఆఖరి ప్రయత్నంగా మూల కుర్చీలో కూర్చున్న మాస్టారి భార్యను అడిగింది. "ఇంట్లో ఫోన్లో ఏ రంగు పెట్టుకునేవారమ్మా?"

"ఫోన్లో మాట్లాడ్డమే తల్లీ, ఇంకేం చూసేవారు కాదు. మొదట్నుంచీ అదో రకం మనిషి. పెళ్ళైన కొత్తలో నేను పుట్టింటి నుంచి ఉత్తరం రాస్తే జవాబే ఉండేది కాదు. అందడం ఆలస్యం, బస్సెక్కి వచ్చేసేవారు. ఏం రాశావో నీ నోటితో చెప్పు, వింటానని కూర్చునేవారు. నా మీద ఎంత ప్రేమోనని మురిసి..."

ఆవిడ కుర్చీలోంచి లేచి మంచం దగ్గరికొచ్చింది. కాసేపు భర్త మొహంలోకి చూసింది.

"మీరంతా ఒక్క నిమిషం బయటికెళ్ళండి."

"అమ్మా, ఏంటిప్పుడు?"

"వెళ్ళవే. డాక్టరుగారూ, మీరు కూడా."

తలుపు మూసుకుంది. ఆవిడ తెరను గోడవైపు తిప్పేసింది. మంచం మీదికి వంగి, భర్త చెవి దగ్గర నోరుపెట్టి, "ఏమండీ" అని మొదలుపెట్టి, ఈ డెబ్బై రోజుల్లోనే కాదు, ఈ యాభై ఏళ్ళలోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగింది.

ఊరందరి అక్షరాలూ రాసిపెట్టి, వాటిలో ఒక్కటి కూడా చదవడం రాని మాస్టారు మెల్లగా, ఒకే ఒక్కసారి రెప్ప వాల్చాడు.