మామగారి దగ్గు

సూర్యకుమారి పీట మీద కూర్చుని సోషియాలజీ పుస్తకం తెరిచిందో లేదో, వసారాలో దగ్గు వినిపించింది. చటుక్కున లేచి నిలబడింది.

ఆ దగ్గు మామగారు సుందరరాజుది. ఆ ఇంట్లో కోడలు మామగారి ఎదుట కూర్చోకూడదు. ఇక ఆ దగ్గు కూడా అలాంటిలాంటిది కాదు. ఆయన వసారాలో దగ్గితే కాలవ అవతల నెమరేసుకుంటున్న గేదెలు సైతం లేచి నిలబడతాయని మొవ్వలో చెప్పుకునేవారు. గేదెల సంగతి ఎలా ఉన్నా, కోడలు నిలబడడం మాత్రం ఊరంతా చూసిందే.

రేపే పరీక్ష. దూరవిద్యలో బి.ఏ. ఇంట్లో కూర్చుని హాయిగా చదువుకోండని పుస్తకాలు పోస్టులో పంపారు. పంపినవాళ్ళకి సుందరరాజు దగ్గు సంగతి తెలియదు. మిగతా పేపర్లన్నీ గట్టెక్కి ఈ సోషియాలజీ ఒక్కటే పోయినసారి తన్నేసింది. ఈసారి కూడా పోతే, అంగన్‌వాడీ టీచరుగా ఉన్న ఆమెకి రావలసిన సూపర్‌వైజరు పోస్టు ఇంకొకరు తన్నుకుపోతారు.

"ఆపావేమ్మా? చదువు" అన్నాడు సుందరరాజు వసారాలో పచార్లు చేస్తూ.

"మనసులో చదువుకుంటున్నానండి మావయ్యగారూ."

"మనసులో చదివితే మనసులోనే ఉండిపోద్ది. గట్టిగా చదువు!"

ఆమె తలుపు పక్కన నిలబడి గట్టిగా అందుకుంది. "సమాజం అంటే సామాజిక సంబంధాల అల్లిక..."

"అల్లికా? వల లాగానా?"

"అలాంటిదేనండి."

"బావుంది. ఆ ముక్క ఇంకోసారి చదువు."

చదివింది. ఆయన వసారాలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వసారాలోకి తిరుగుతూనే ఉన్నాడు. చెప్పు తెగింది. తెగిన చెప్పు పక్కన పడేసి, రెండోది వేసుకునే తిరుగుతున్నాడు.

అత్తగారు గంగాదేవి వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "పొద్దున్నుంచి ఏంటయ్యా ఆ తిరుగుడు? నేల అరిగిపోద్ది. ఆఫీసుకు పోరాదూ, ఆ పిల్ల కాసేపు కూలబడుద్ది."

"సెలవు పెట్టా."

"దేనికి?"

"ఒంట్లో నలతగా ఉంది. అయినా వెళ్ళి చేసేదేముంది? డిగ్రీ ఉన్న కుర్రాళ్ళు నిన్నగాక మొన్నొచ్చి గుమాస్తాలైపోతుంటే, వాళ్ళకి టీలు మోయడమేగా!"

గంగాదేవి గరిటె ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

సూర్యకుమారి పేజీ తిప్పింది. రెండు వాక్యాలు చదివి గొంతు తగ్గించేసింది.

"మళ్ళీ ఏమొచ్చింది?"

"ఇది... మనలాంటి ఇళ్ళ గురించండి. కోడలు మావగారి ఎదట కూర్చోకుండా, ఎడంగా మసులుకోవడాన్ని వైదొలగు నడవడి అంటారంట."

సుందరరాజు తిరగడం ఆపేశాడు. "అంటే మనింటి సంగతి పుస్తకాలకెక్కిందన్నమాట! వస్తదంటావా పరీక్షలో?"

"ఖాయంగా వస్తదంటున్నారండి."

"చూశావా మరి! వేరేవాళ్ళు బట్టీ కొట్టుకు చావాలి. మనకి ఊరికే నిలబడితే మార్కులు."

ఆమె కాళ్ళు బరువెక్కిపోయాయి. పిక్కలు లాగుతున్నాయి. ధైర్యం కూడదీసుకుంది. "మావయ్యగారూ, కాసేపు..."

"ఆ, కాసేపు కుటుంబం పాఠం చదువు."

ఏమనగలదు? ఆడపిల్లకి బస్సుల్లో తిరుగుడెందుకని, పరీక్ష అప్లికేషను స్వయంగా బందరు పట్టుకెళ్ళి ఇచ్చొచ్చిన మనిషి. అంత మేలు చేసిన మామగారిని దగ్గొద్దని ఎలా చెప్పడం?

మర్నాడు సుందరరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గుడివాడలో ఎవరినో పరామర్శించాలంటూ అందరికంటే ముందే బయలుదేరిపోయాడు. ఆయన మలుపు తిరగగానే సూర్యకుమారి ఇంట్లో ఉన్న పీటలన్నిటి మీదా ఒక్కోసారి కూర్చుని లేచిందని గంగాదేవి తర్వాత అందరికీ చెప్పింది. బస్సులోనూ సీటు దొరికింది. బందరు దాకా చదువుతూనే ఉంది. చదివిందే మళ్ళీ చదివింది. దిగాక చూసుకుంటే ఒక్క ముక్క గుర్తులేదు.

పరీక్ష హాల్లో తన నంబరున్న బెంచీ మీద కూర్చుంది. ప్రశ్నపత్రం ఇచ్చారు. మొదటి ప్రశ్నే వైదొలగు నడవడి! ప్రాణం లేచొచ్చింది. కలం పరుగెత్తింది. ఇక్కడ మూడు గంటలు కూర్చోవచ్చు, లేపేవాళ్ళెవరూ లేరు. మొదటి పేజీ నిండింది. రెండో పేజీ తిప్పింది.

వెనక బెంచీలోంచి దగ్గు వినిపించింది.

కలం కింద పడింది. సూర్యకుమారి చటుక్కున లేచి నిలబడింది.

"ఏమ్మా, ఇంకో పేపరు కావాలా?" అన్నాడు హాల్లో తిరుగుతున్న మేష్టారు.

"కాదండి."

"మరి కూర్చోండి."

"కూర్చోకూడదండి."

"ఎవరన్నారు?"

ఆమె తల తిప్పకుండానే, నేల చూస్తూ చెప్పింది. "వెనకాల మావయ్యగారున్నారండి."

హాలంతా అటు తిరిగింది. ఆమె తర్వాతి నంబరున్న వెనక బెంచీలో ఇస్త్రీ చొక్కా, చేతిలో కొత్త కలం, ముఖం నిండా చెమటలతో సుందరరాజు. ఆయన ముందున్న కాగితం మీద కోడలు రాసిన మొదటి పేజీ ఉన్నదున్నట్టు దిగి ఉంది.

మేష్టారు నవ్వాపుకోలేక గుమ్మం దాకా వెళ్ళాడు. ఆ సందులో సుందరరాజు ముందుకు వంగి, దగ్గకుండా, బతిమాలుతున్నట్టు అన్నాడు:

"నీకు పుణ్యముంటది, కూర్చోమ్మా! నువ్వు నిలబడితే రెండో పేజీ నాకు కనపడట్లా."