పొదిగే పెట్టకు గుప్పెడు నూకలు

ఒక పెరట్లో నల్లపెట్ట గుడ్లు పొదుగుతోంది. ఇంటి అవ్వ రోజూ తెల్లవారగానే గుప్పెడు నూకలు తెచ్చి దాని గంప ముందు పోస్తోంది. అది చూసి, గుంజకు కట్టేసిన పందెం పుంజుకు ఒళ్ళు మండింది.

"చూశారర్రా!" అని బాతులను పిలిచి అరిచింది. "కూర్చున్నచోటికే తిండి! ఇలా ఊరికే పెడుతుంటే ఇది ఇంకెప్పుడైనా కాలు కదుపుతుందా? సోమరిదైపోదూ?"

బాతులు అవునవునని తలలూపాయి. వాటికి తెలిసిన పని అదొక్కటే.

పెట్ట ఈకలు నిక్కబొడుచుకుంది.

"ఏరా, రెండు పూటలా బాదంపప్పు మెక్కేవాడివి, నా గుప్పెడు నూకల మీద పడిందా నీ ఏడుపు? పోయినసారి గింజ దొరుకుతుందో లేదో తెలియక పెంటకుప్పలన్నీ గీరుకుంటూ తిరిగాను. వచ్చేసరికి గుడ్లు చల్లబడిపోయాయి. ఒక్కటీ పిల్ల కాలేదు. అప్పుడు ఏ బాతు తలూపింది? రేపూ గింజలుంటాయని తెలిస్తేనేరా, కదలకుండా పొదగగలిగేది! ఇది నీకు సోమరితనంలా కనబడుతోందా?"

బాతులు మెల్లగా నీళ్ళతొట్టి వైపు జారుకున్నాయి.

కొన్నాళ్ళకు గుడ్లు పగిలాయి. పెట్ట పిల్లలను వెంటేసుకుని పెంటకుప్ప దగ్గరికి వెళ్ళి, గీరడం నేర్పుతోంది. అంతలో గుంజ దగ్గర ఒకటే గోల. బాదంపప్పు గిన్నె ఇంకా రాలేదని పుంజు పెరడంతా అదిరేలా అరుస్తోంది.

"అమ్మా, ఆయనకేమైంది?" అని ఒక పిల్ల బెదిరిపోయింది.

"ఒక్క పూట తిండి ఆలస్యమైంది," అంది పెట్ట. "మనల్ని మాత్రం బతుకంతా అలాగే బతకమంటాడు."