కుక్కలకు భయపడని పిల్లి

"కుక్కలంటే భయం లేని పిల్లి కావాలి మేడమ్," అన్నాడు దర్జీ. దుకాణం నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, మెడలో టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

జంతువుల షెల్టర్ నడిపే ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంట్లో ఎన్ని కుక్కలు?"

"రెండండీ. నల్లవి. పెద్దవి."

"రెండు పెద్ద కుక్కలున్న ఇంటికి పిల్లి దేనికి?"

"వాటికి తోడుగా ఉంటుందనీ..."

తోడా, ఫలహారమా? అనుకుంది ఆవిడ. మనుషుల్ని నమ్మి చేతులు కాల్చుకోవడం ఆవిడకి కొత్త కాదు.

అక్కడో పద్ధతి ఉంది. కుక్కలున్నవాళ్ళు ఆ కుక్కలు పడుకునే గుడ్డ తేవాలి. ఆ వాసనకి ఏ పిల్లి ఏం చేస్తుందో చూశాకే ఇస్తారు. దర్జీ తెచ్చిన దుప్పటి ముక్క విప్పగానే దాని మీద తెల్ల వెంట్రుకలు కనిపించాయి. నల్లకుక్కలకి తెల్ల వెంట్రుకలెక్కడివి?

ఆ గుడ్డ చూసి నల్లపిల్లి ఒళ్ళంతా ఉబ్బించి బుస్సుమంది. పసుపు చారలది బోను మూలకి పోయి అతుక్కుపోయింది. చెవి చీలిన, తెల్లపొట్ట ఉన్న మూడురంగుల పిల్లి మాత్రం వాసన చూసి, ముందుకాళ్ళతో గుడ్డని పిసికి పిసికి, దాని మీదే ముడుచుకుని కళ్ళు మూసుకుంది.

"ఇదే, ఇదే!" అన్నాడు దర్జీ. మిగతా రెండింటినీ అతను కన్నెత్తి కూడా చూడలేదు.

"దీన్నెవరో పుణ్యాత్ముడు సంచిలో వేసి మా గేటుకి తగిలించి పోయాడు. అలాంటివాళ్ళకి ఈ జన్మలో మళ్ళీ జంతువునివ్వం," అంటూ ఆవిడ ఫారం తీసింది. "ఇదివరకు పిల్లిని పెంచారా?"

దర్జీ మెడలోని టేపుని వేలికి చుట్టుకున్నాడు. "లేదండీ."

అబద్ధం! పాత పిల్లిని ఆ కుక్కలే మింగుంటాయి. "సరే, దీన్ని నేనే తీసుకొస్తాను. మీ ఇల్లు, కుక్కలు చూశాక చెప్తా."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ..."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వాలకం. ఆవిడ పిల్లిని బుట్టలో పెట్టుకుని అతని వెంటే బయల్దేరింది.

ముందుగదిలో కుట్టుమిషను పక్కన రెండు నల్లకుక్కలు పడి ఉన్నాయి. ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఆవిడ బుట్టని గుండెకి హత్తుకుంది.

"కడుపులు మాడ్చి మరీ సిద్ధంగా ఉంచారన్నమాట!"

"లేదండీ, గిన్నె నిండా పెట్టాను, చూడండి. పదిరోజులుగా ముట్టట్లేదు."

"కల్లబొల్లి కబుర్లు నా దగ్గరా!" ఆవిడ విసురుగా వెనక్కి తిరిగింది. ఆ ఊపుకి బుట్ట మూత ఊడింది. పిల్లి కిందికి దూకింది. ఆవిడ కెవ్వుమంది.

పిల్లి తాపీగా కుక్కల ముక్కుల ముందునుంచే నడిచింది. కుట్టుమిషను సొరుగుని పంజాతో లాగి, అందులో దూరి పడుకుంది. కుక్కలు తోకలూపుతూ లేచి దాని చీలిన చెవి నాకాయి. తర్వాత గిన్నె దగ్గరికి పోయి ఆవురావురుమని తినసాగాయి.

ఆవిడ మెల్లగా దర్జీ వైపు తిరిగింది. "మా గేటుకి తగిలించిన సంచి మీరు కుట్టిందేనా?"

అతను తల దించుకున్నాడు. "కస్టమర్ చీరని ఈ పిల్లి చించేసిందండీ. ఒళ్ళు తెలియని కోపంలో..."

వంటింట్లోంచి దర్జీ భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సొరుగులో పిల్లిని చూసి గట్టిగా అరిచింది. "అమ్మ నా తల్లే! ఎక్కడ దొరికిందండీ మీకు? తప్పిపోయిందని పదిరోజులుగా ఈయన వీధివీధీ గాలిస్తున్నారు!"

ఆమె వెనక నిలబడి దర్జీ రెండు చేతులూ జోడించాడు.

షెల్టర్ ఆవిడ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో వేసుకుంది.

"మా గేటు దాకా అదే నడిచొచ్చిందమ్మా. మళ్ళీ తప్పిపోతే మాత్రం వెతకడానికి ఈయన్ని పంపకండి, మీరే రండి."