చచ్చిన గొర్రె

"నువ్వే చంపావు దాన్ని!" అంటూ ముసలి హెస్సా గొర్రెపిల్లను బుచ్చన్న ఒళ్లో పడేసింది. రాత్రి ఈనిన చీలిన చెవి గొర్రె చచ్చిందట. ఆమె కొడుకు తీసుకెళ్లి పారేశాడట. "ఈ పిల్ల బతకకపోతే నిన్ను ఇంటికి పంపను."

సౌదీలోని తబూక్ శివారులో హెస్సా కుటుంబానికున్న చిన్న గొర్రెల దొడ్డిలో బుచ్చన్న ఒక్కడే పనివాడు. భార్య పోయిందని ముందురోజే ఊరి నుంచి ఫోనొచ్చింది. దేశం దాటి వెళ్లడానికి కావాల్సిన ఎగ్జిట్ అనుమతి రాలేదు. ఆ సాయంత్రం అతను పాత బావి గట్టు మీద నిలబడి ఉంటే, హెస్సా పనిదొంగా అని తిడుతూ లాక్కొచ్చింది.

"నా పెండ్లాం సచ్చిపోతె అడగలె, గొర్రె కోసం ఏడుస్తున్నవా ముసల్దానా!" అని తెలుగులో తిట్టాడు.

కానీ పిల్ల ఆకలికి అరిచింది. సీసాతో పాలు పట్టాడు. పాలు చల్లారాయని హెస్సా అరిచేది, పిల్ల చిక్కిందని అరిచేది. ఆమెను అసహ్యించుకుంటూనే పిల్లను సాకాడు. బావి వైపు వెళ్లే తీరికే దొరకలేదు.

చివరికి ఎగ్జిట్ వచ్చింది. హెస్సా బయటికి రాలేదు. ఆమె కొడుకు బండిలో విమానాశ్రయానికి తీసుకెళుతూ దారిలో మేనమామ దొడ్డి దగ్గర ఆగాడు. కంచె లోపల చీలిన చెవితో ఓ గొర్రె బుచ్చన్నను చూసి అరిచింది. చచ్చిందన్న గొర్రె.

"ఇది సచ్చిందంటిరి గదా!" అన్నాడు వచ్చీరాని అరబ్బీలో.

"నిన్ను బావి దగ్గర చూసిన రాత్రే అమ్మ దీన్ని ఇక్కడికి పంపించేసింది. నీ చేతుల్లో ఒక ప్రాణం ఉండాలంది."

బుచ్చన్న కంచె దాటి గొర్రెను ఎత్తుకొచ్చి బండిలోకి ఎక్కించాడు.

"బండి మలుపుండ్రి. ముందుగాల దీన్ని దీని బిడ్డకాడికి తీస్కపోదాం."