హేమమాలిని వడ్డాణం

సోమవారం ఉదయం ఏడు గంటలకు హేమమాలిని ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, చేతులు వెనక్కి పెట్టి వడ్డాణం కొక్కెం తగిలించబోయింది. అందలేదు. ఇంకా నాలుగు వేళ్ళ ఎడం.

"నాలుగే కదా," అని తనకు తానే ధైర్యం చెప్పుకుంది.

"పోయిన వారమూ నాలుగే," అంది అత్త కనకమ్మ. వడ్డాణం తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఈ గొడవంతా జమ్మలమడుగులో మొదలైంది. అక్కడ ఒక బారసాలలో మేనమామ కూతురు చందన పదిమందీ ఉండగా అడిగేసింది.

"ఏం వదినా, వడ్డాణం పెట్టుకోలే? మీ అత్త ఇయ్యలేదా, నీకు పట్టలేదా?"

అందరూ నవ్వారు. హేమమాలిని కూడా నవ్వింది గానీ లోపల చచ్చినంత పనైంది.

"మా ధనుంజయ్ పెండ్లికి అదే వడ్డాణం పెట్టుకోని వస్తా. చూస్తాండు!" అనేసింది.

ధనుంజయ్ ఆమె తమ్ముడు. పెళ్ళి పులివెందులలో. అప్పటికి ఇంకా పది వారాలుంది. మాట పదిమందిలో పడిపోయింది కాబట్టి వెనక్కి తీసుకునే దారి లేదు.

ప్రొద్దుటూరులో వాళ్ళది నగల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. మిల్లీగ్రాము తేడా చెప్పే కాటాలు నాలుగున్నాయి. మనిషిని తూచేది ఒక్కటీ లేదు. కొందామని భర్త వంశీకృష్ణ అంటే, ఫోనులో సలహాలిచ్చే డైటీషియన్ వద్దంది.

"కాటా ఎక్కితే దిగులు పడతారు. ఒంటికి బిగుతుగా ఉన్న వస్తువేదైనా వారానికోసారి పెట్టుకుని చూసుకోండి. ఆదివారం ఇష్టమైనది ఒకటి తినండి. తిన్నందుకు మాత్రం బాధపడకండి."

అన్నీ బాగానే ఉన్నాయి. ఆ చివరిదే హేమమాలిని వల్ల కాలేదు.

వారమంతా జొన్నరొట్టె, మజ్జిగ. తెల్లవారకముందే నడక. రెండో ఆదివారం ఒకే ఒక్క ఓళిగ, అంటే బొబ్బట్టు, తిన్నది, అదీ నెయ్యి లేకుండా. తిని, చెయ్యైనా కడుక్కోకుండా వంటింటి గోడకు ఆనుకుని ఏడ్చేసింది. మర్నాడే ఈ నాలుగు వేళ్ళు. దాంతో ఆ సోమవారం పూర్తిగా పస్తు ఉంది. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి మెట్ల మీద కూలబడింది.

కనకమ్మకు ఒళ్ళు మండింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది.

"ఏందమ్మీ ఇది? కూడు ముందర పెట్టుకోని ఏడిస్తే నాకు శానా కష్టంగా ఉంటాది. నేను చేసిన ఓళిగ నీకు విషమైపాయనా?"

"పెండ్లిలో నా మొగం యాడ పెట్టుకోవాల అత్తా?"

కనకమ్మ కోడలి తల నిమిరి, నీళ్ళు తాగించి, లేపి లోపలికి తీసుకుపోయింది.

తర్వాతి ఆదివారం బొరుగులు నానబెట్టి, తాలింపేసి ఉగ్గాని చేసింది. పక్కన నాలుగు మిరపకాయ బజ్జీలు పెట్టింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎదురుగానే కూర్చుంది. హేమమాలిని భయపడుతూ తిన్నది. సోమవారం ఇంకా భయపడుతూ వడ్డాణం చుట్టుకుంది.

మూడు వేళ్ళే!

"అత్తా! తగ్గినా!"

"నేను చెప్తే వింటివా? తినాల, నడవాల. ఏడ్చొద్దు," అంది కనకమ్మ, బీరువా వైపు తిరిగి.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆదివారమంటే పండగే. ఒక వారం ఎర్రకారం దోసె, ఒక వారం మైసూరుపాకు. ఒక ఓళిగ రెండైంది, నెయ్యి దానంతటదే వచ్చి చేరింది. హేమమాలిని ఏడవడం మానేసింది. కూనిరాగాలు తీస్తూ తినసాగింది. ఒక గురువారం కూడా ఎందుకో ఆదివారమైపోయింది. అయినా మూడు వేళ్ళు రెండయ్యాయి, రెండు ఒకటైంది.

"నాకేమో నువ్వు అట్లే కనపడ్తాండావు," అన్నాడు ఒకరోజు వంశీకృష్ణ, పరీక్షగా చూసి.

కొత్త చీర కట్టినా తొమ్మిదేళ్ళుగా గుర్తుపట్టని మనిషి మాట ఎవరు పట్టించుకుంటారు? అత్తా కోడళ్ళిద్దరూ ఒక్కసారే ఆయన మీదికి లేచారు. పాపం, మెల్లిగా అంగట్లోకి దిగిపోయాడు.

పెళ్ళి రోజు పులివెందుల కల్యాణమండపంలో కొక్కెం టక్కుమని పడింది. ఊపిరి బిగబట్టాల్సిన పని కూడా లేకపోయింది. చందన చుట్టూ తిరిగి చూసింది. లాగి చూసింది. అదే వడ్డాణం.

"ఏం తింటాండావు వదినా?"

"అన్నీ తింటాండా. తప్పు చేస్తాండామని అనుకోకుండా తినాల, అంతే."

చందన ఆ మాట ఫోనులో రాసుకుంది. పంక్తిలో హేమమాలిని రెండోసారి పాయసం అడిగితే ఎవరూ నవ్వలేదు. ఆమెను చూసి ఇంకో నలుగురు ధైర్యంగా అడిగి వేయించుకున్నారు. దూరం నుంచి చూస్తున్న కనకమ్మకు కడుపు నిండిపోయింది.

ప్రొద్దుటూరు చేరిన మర్నాడే హేమమాలిని ఇంకో ప్రతిజ్ఞ చేసింది.

"ఈడితో ఆపేది లేదత్తా. ఉగాదికంతా వడ్డాణం ఇంకో మూడు వేళ్ళు వదులు కావాల!"

కనకమ్మ ఓళిగలకని శనగపప్పు నానబోసి, చేతులు తుడుచుకుని, మెల్లిగా మెట్లు దిగి అంగడి వెనక గదిలోకి పోయింది.

ఆమెను చూస్తూనే కంసాలి నాగేంద్ర ఊదుగొట్టం కింద పెట్టేసి, "అమ్మా, మీ గాజులు రెండూ కరిగించి వడ్డాణం వెనకాల రింగులు అతికిస్తి, ఇంకా రింగులంటే బంగారం యాడనుంచి తెచ్చేది?" అన్నాడు.