పీపాలో వంశం

"ఇంగ్లీషోళ్ళ ఓడ వచ్చేస్తోంది దొరా! మధ్యాహ్నానికి మన రేవులో ఉంటుంది!"

పీపాలు చేసే బానిస క్వాష్ ఈ మాట అనగానే గ్రిమ్‌స్టెడ్ దొర నెత్తిమీద విగ్గు దానంతటదే లేచి నిలబడింది. ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డ వర్జీనియాలో, పొగాకు సగం తనదేనని చెప్పుకునే మనిషి బల్ల కింద దూరాడు.

"నా కాగితాలు! ఒరేయ్, నా కాగితాలు!"

మూడు తరాల కాగితాలవి. పొలాల పట్టాలు, లండన్ వర్తకుల ఉత్తరాలు, పొగాకు లెక్కలు, ఏ బానిస ఎవరి సొత్తో రాసిన పత్రాలు, తాతగారి పన్ను పీకిన రసీదు. అవి తగలబడితే దొర ఇక దొర కాదు. విగ్గు పెట్టుకున్న మామూలు మనిషి.

"పెట్టెలో పెడితే ఎత్తుకుపోతారు దొరా," అన్నాడు క్వాష్. "పీపాలో వేసి, పైన కుళ్ళిన పొగాకు కూరి మూత బిగించేస్తా. ఆ కంపుకి రాజుగారి సైన్యమంతా వెనక్కి పోతుంది. పడవలో ఏటికి ఎగువన మీ బావమరిదిగారింట్లో దించేస్తా."

"అదే చెయ్యి! తొందరగా తగలడు!"

క్వాష్ కదల్లేదు. "దారిలో మనోళ్ళే ఆపితే?"

దొర గబగబా చీటీ రాశాడు. 'వీళ్ళు నా పని మీద పోతున్నారు. ఎవరూ ఆపరాదు.' బల్లంతా సిరా ఒలికింది గానీ సంతకం మాత్రం ముత్యంలా కుదిరింది.

"మగాళ్ళమే పోతే అనుమానపడతారు. ఆడోళ్ళూ పిల్లలూ కూడా ఉంటే చర్చికి పోతున్నారనుకుంటారు."

"ఇవాళ బుధవారం కదరా," అంది దొరసాని లెటీషియా.

"నువ్వూరుకో! దేవుడికి వారాలేంటి? అందర్నీ ఎక్కించరా!"

"ఆకలేసి పిల్లలు ఏడిస్తే, ఆ ఏడుపు విని..."

"పంది తొడ ఒకటి పట్టుకెళ్ళు! కాదు, రెండు!"

దొరే వంటింట్లోకి పరిగెత్తి మోసుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మోసిన మొదటి బరువదే.

పడవ వాగు దాటి ఏటి మలుపులో మాయమైంది. మధ్యాహ్నమైంది. ఓడ లేదు. పొద్దు వాలింది. అప్పటికీ లేదు. దొర గోళ్ళు కొరికి కొరికి, తనవి అయిపోయి, పెళ్ళాం చెయ్యి అందుకోబోతుండగా పక్క తోట మేజర్ పెండర్ గుర్రం దిగాడు.

"ఇంగ్లీషోళ్ళు ఎంతదాకా వచ్చారు మేజర్?"

"ఎక్కడికొచ్చారు? సముద్రం దగ్గరే లంగరేసుక్కూర్చున్నారు. తమ దగ్గరికొచ్చిన బానిసలకి స్వేచ్ఛ ఇస్తారట, వెధవలు. అన్నట్టు, మా రేవు దగ్గర నీ పడవ కనిపిస్తే ఆపాను. చీటీ చూసి వదిలేశాలే."

దొరకి ప్రాణం లేచొచ్చింది. "బతికించావయ్యా! ఈపాటికి మా బావమరిది ఇంట్లో దిగుంటారు."

మేజర్ మొహం పాలిపోయింది. "మీ బావమరిది ఉండేది ఎగువన కదా? వాళ్ళు సముద్రం వైపు పోతుంటే, నీ సంతకం ఉంది కదా అని నా తెరచాప కూడా కట్టిచ్చానే!"